మాల్‌ఫంక్షన్ 54

1986 మార్చి 21. అమెరికా, టెక్సస్ రాష్ట్రం, టైలర్ పట్నం. ఈస్ట్ టెక్సస్ క్యాన్సర్ సెంటర్‌లో రేడియేషన్ గది. బల్ల మీద ఒకాయన బోర్లా పడుకున్నాడు. వీపు పైభాగంలో కణితిని కోసి తీసేశారు. ఆ చోట ఇంకేమైనా మిగిలి ఉంటే అదీ చావాలని రేడియేషన్ ఇస్తున్నారు. మన ఊళ్లలో కరెంటు పెట్టించుకోవడం అంటారే, అదే. ఆయనకది తొమ్మిదో విడత. అంతకుముందు ఎనిమిదిసార్లూ ఏమీ తెలియలేదు. నొప్పి లేదు, మంట లేదు. కాసేపు కదలకుండా పడుకోవడం, లేచి చొక్కా తొడుక్కుని ఇంటికి పోవడం.

ఆపరేటర్ వేరే గదిలో తెర ముందు కూర్చుని ఉంది. యంత్రం నడుస్తున్నప్పుడు లోపల రోగి తప్ప ఎవరూ ఉండకూడదు గనక మధ్యలో గోడ, బరువైన తలుపు. లోపలి సంగతి కనపడటానికి ఒక వీడియో, వినపడటానికి ఒక ఇంటర్‌కమ్ ఏర్పాటు చేశారు. ఆ రోజు వీడియో ప్లగ్గు పీకేసి ఉంది. ఇంటర్‌కమ్ పాడై ఉంది.

ఆమెకు ఈ పని కొత్త కాదు. వివరాలన్నీ చకచకా టైపు చేసింది. యంత్రం రెండు రకాల కిరణాలిస్తుంది: ఎక్స్-రే అయితే ‘ఎక్స్’, ఎలక్ట్రాన్లయితే ‘ఇ’ కొట్టాలి. వచ్చే రోగుల్లో ఎక్కువమందికి ఎక్స్-రేనే కావడంతో వేలు అలవాటు ప్రకారం ‘ఎక్స్’ మీదికి పోయింది. ఈయనకు కావలసింది ఎలక్ట్రాన్లు. పొరపాటు వెంటనే కనిపెట్టింది. కర్సర్‌ను పైకి జరిపి ‘ఎక్స్’ను ‘ఇ’గా మార్చింది. మిగతా అంకెలన్నీ సరిగానే ఉన్నాయి కాబట్టి రిటర్న్ కీని టకటకా నొక్కుకుంటూ కిందికొచ్చేసింది. అన్ని వివరాలూ సరిపోయాయని తెర చెప్పింది. బీమ్ సిద్ధం అంది. ఆమె ‘బి’ నొక్కింది.

యంత్రం ఆగిపోయింది. తెర మీద ఒక మాట: మాల్‌ఫంక్షన్ 54. దాని పక్కన, చికిత్సకు విరామం.

ఈ 54కు అర్థమేమిటో ఆపరేటర్ల పుస్తకంలో లేదు. యంత్రానికి తగిలించిన ఒక కాగితంలో మాత్రం ‘డోస్ ఇన్‌పుట్ 2’ అని ఉంది. అంటే ఇచ్చిన మోతాదు మరీ ఎక్కువైనా అయి ఉండాలి, మరీ తక్కువైనా అయి ఉండాలి. రెంటిలో ఏదో ఆ కాగితం చెప్పదు. 202 యూనిట్లు అడిగితే 6 యూనిట్లే వెళ్లాయని తెర చూపిస్తోంది. అంటే తక్కువే పడిందనుకోవాలి. యంత్రం ఇలా చిన్న చిన్న వాటికి ఆగడం మామూలే. ఇదే రకం యంత్రం మీద పనిచేసిన ఒక ఆపరేటర్ ఒక్కో రోజు 40 సార్ల దాకా ఇలాంటి సందేశాలు చూశానని చెప్పింది. విరామం వచ్చినప్పుడు చేయాల్సింది ఒకటే, ‘పి’ నొక్కడం. మళ్లీ మొదలవుతుంది.

లోపల ఆయనకు ఒక దభీమన్న చప్పుడు, ఒక గుయ్‌మన్న మోత వినిపించాయి. వీపు మీద ఎవరో కాలే కాఫీ గుమ్మరించినట్టు, కరెంటు షాకు కొట్టినట్టు అనిపించింది. ఎనిమిదిసార్లు చేయించుకున్నవాడు, ఇది మామూలు సంగతి కాదని ఆయనకు తెలిసిపోయింది. సాయం కోసం బల్ల మీద నుంచి లేవబోయాడు.

సరిగ్గా అప్పుడే అవతల ఆమె ‘పి’ నొక్కింది.

రెండో దెబ్బ చేతికి తగిలింది. చెయ్యి ఒంట్లోంచి ఊడిపోతున్నట్టు అనిపించిందని ఆయన తర్వాత చెప్పాడు. తలుపు దగ్గరికి పోయి దబదబా బాదాడు. ఆమె నిర్ఘాంతపోయి తలుపు తీసింది.

డాక్టరు వచ్చి చూశాడు. చర్మం బాగా కందిపోయి ఉంది. షాకు కొట్టి ఉంటుందనుకున్నాడు. ఇంకేమైనా తేడా చేస్తే రమ్మని ఇంటికి పంపించాడు. ఆస్పత్రి భౌతిక శాస్త్రవేత్త యంత్రాన్ని పరీక్షించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ రోజు మిగతా రోగులకు అదే యంత్రంతో చికిత్స చేశారు.

ఆ రోజు ఆయనకు పడాల్సింది 180 రాడ్లు (రాడ్ అంటే రేడియేషన్ మోతాదుకు కొలత). ఆరున్నర వారాల్లో విడతలు విడతలుగా అన్నీ కలిపి 6,000. నిజంగా పడింది, తర్వాత వేసిన లెక్కల ప్రకారం, ఒక సెంటీమీటరు మేర చోటులో సెకను కూడా పట్టని కాలంలో 16,500 నుంచి 25,000 రాడ్లు. పోలికకు ఒక్క అంకె: ఒళ్లంతటికీ ఒకేసారి 500 రాడ్లు పడితే, చికిత్స లేకుండా సగం మంది బతకరు. 6 యూనిట్లే వెళ్లాయని తెర ఎందుకు చూపించింది? మోతాదును కొలిచే అయాన్ చాంబర్లు ఆ ఉప్పెనకు తట్టుకోలేక లెక్క తప్పాయి. అంత ఎక్కువ పడినందుకే అంత తక్కువ చూపించాయి. అయిదు నెలల తర్వాత ఆయన చనిపోయాడు.

ఆ యంత్రం పేరు థెరాక్-25. తయారుచేసింది కెనడా ప్రభుత్వరంగ సంస్థ, అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్. మొత్తం 11 యంత్రాలు బిగించారు, అమెరికాలో 5, కెనడాలో 6. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపల ఆరుగురికి ఇవి అలవిమాలిన రేడియేషన్ ఇచ్చాయి. కనీసం ముగ్గురు దానివల్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో దీన్ని సాఫ్ట్‌వేర్ తప్పిదానికి ఉదాహరణగా చెబుతారు. నాకైతే ఆ పేరు సగమే సరిపోతుందనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్న మాట నిజమే. అయితే అవే తప్పుల్లో ఒకటి దీనికి ముందు వచ్చిన యంత్రంలోనూ ఉంది. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. తేడా ఎక్కడుందో తెలియాలంటే లోపలి ఇనుమును కూడా చూడాలి.

ఎలక్ట్రాన్లను వేగంగా తరిమి నేరుగా ఒంటి మీదికి వదిలితే చర్మానికి దగ్గర్లో ఉన్న కణితులకు పనికొస్తుంది. అవే ఎలక్ట్రాన్లను లోహపు పలకకు కొడితే ఎక్స్-కిరణాలు పుడతాయి, అవి లోతుకు వెళతాయి. ఒక్క యంత్రం రెండూ చేయగలిగితే ఆస్పత్రికి ఖర్చు కలిసొస్తుంది. కాకపోతే ఒక చిక్కుంది. ఎక్స్-రేకు, పలకా దాని కిందుండే ఫిల్టరూ చాలా భాగాన్ని మింగేస్తాయి కనక, ఎలక్ట్రాన్ల పద్ధతిలో కన్నా సుమారు 100 రెట్లు ఎక్కువ ప్రవాహం కావాలి. ఆ ప్రవాహం పుడుతున్నప్పుడు దారిలో పలక లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే ఒక టర్న్‌టేబుల్ ఉంటుంది. గుండ్రంగా తిరుగుతుంది. దాని మీద మూడు స్థానాలు. ఒకచోట ఎలక్ట్రాన్లను చెదరగొట్టే అయస్కాంతాలు, ఒకచోట ఎక్స్-రే పలకా ఫిల్టరూ, మూడోచోట ఒక అద్దం. ఆ అద్దం మీద మామూలు దీపం వెలుగు పడేలా చేసి, కిరణం ఒంటి మీద ఎక్కడ పడుతుందో చూసుకుంటారు. ప్రవాహం ఒకదానికి, స్థానం మరొకదానికి అయిందంటే మనిషి ప్రాణానికి ముప్పు. కాబట్టి ఈ రెండూ ఎప్పుడూ పొంతన కుదిరే ఉండాలి. కుదరకపోతే కిరణం పుట్టకూడదు. ఆ కాపలా ఎవరికి అప్పగించాలి? యంత్రం రూపశిల్పులు నిర్ణయించాల్సింది ప్రధానంగా ఇదే.

వీళ్ల పాత యంత్రాలు థెరాక్-6, థెరాక్-20. ఫ్రాన్స్ కంపెనీ సీజీఆర్‌తో కలిసి చేశారు. వాటికీ పీడీపీ-11 అనే చిన్న కంప్యూటర్ తగిలించారు గానీ అది సౌకర్యం కోసమే. కంప్యూటర్ తీసేసినా ఆ యంత్రాలు తమంతట తాము నడవగలిగేవి. కాపలా అంతా స్విచ్చులు, రిలేలు, ఫ్యూజుల చేతిలో ఉండేది. పలక తన చోట లేకపోతే సర్క్యూటే పూర్తికాదు. ప్రోగ్రాం ఏమనుకున్నా సరే.

థెరాక్-25 విషయంలో లెక్క మారింది. 1976లో మొదటి నమూనా, 1982 చివర్లో మార్కెట్లోకి. కంప్యూటర్ ఉంటుందనే ధీమాతో మొదటి నుంచీ దీన్ని రూపొందించారు. కంప్యూటర్ ఎలాగూ అన్నీ చూస్తుంది కదా, మళ్లీ అదే పనికి వేరే సర్క్యూట్లెందుకు అనుకున్నారు. థెరాక్-20లో ఉన్న స్వతంత్ర రక్షణ సర్క్యూట్లను ఇందులో పెట్టలేదు. కాపలా బాధ్యతను ప్రోగ్రాంకు బదిలీ చేశారు.

ప్రోగ్రాం మాత్రం కొత్తది కాదు. థెరాక్-6 కోసం 1972లో మొదలైన ప్రోగ్రాంనే పెంచుకుంటూ వచ్చారు. థెరాక్-20 నుంచి కొన్ని భాగాలు తెచ్చి కలిపారు. పీడీపీ-11 అసెంబ్లీ భాషలో, ఒకే ఒక్కరు, ఏళ్ల తరబడి రాసింది. అది పుట్టినప్పుడు దాని వెనక ఎప్పుడూ ఇనుప కాపలా ఉండేది. తన తప్పులకు శిక్షపడని చోట పెరిగిన ప్రోగ్రాం అది. దాన్ని తెచ్చి కాపలా లేని చోట కూర్చోబెట్టారు.

1983 మార్చిలో కంపెనీ భద్రతా విశ్లేషణ చేసింది. దాన్ని చదివితే విస్తుపోతాం. ప్రోగ్రాంలోని తప్పులను బాగా పరీక్షించి తగ్గించేశాం, మిగిలి ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోవడం లేదు అని మొదట్లోనే రాసుకున్నారు. ప్రోగ్రాం అరగదు, తుప్పు పట్టదు, ఎన్నిసార్లు వాడినా చెడిపోదు అన్నారు. కంప్యూటర్ తప్పు శక్తిని ఎంచుకునే అవకాశానికి ఒక అంకె వేశారు: పదివేల కోట్లలో ఒక వంతు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వివరణ లేదు. సాఫ్ట్‌వేర్‌ను 2,700 గంటలు పరీక్షించామని కంపెనీ చెప్పుకునేది. తర్వాత ఒక సమావేశంలో గుచ్చి అడిగితే, అవి యంత్రాన్ని వాడిన గంటలని తేలింది.

టైలర్ కన్నా ముందే హెచ్చరికలున్నాయి. 1985 జూన్ 3న జార్జియా రాష్ట్రం మారియెటాలో రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స అయిన 61 ఏళ్ల ఆవిడ, ఆపరేటర్ లోపలికి రాగానే, నన్ను కాల్చేశారు అంది. అది జరిగే పని కాదన్నాడు ఆపరేటర్. ఎలక్ట్రాన్లు చెదరకుండా సూటిగా పడే వీలుందా అని అక్కడి భౌతిక శాస్త్రవేత్త కంపెనీని అడిగాడు. లేదని మూడు రోజులకు జవాబొచ్చింది. జులై 26న కెనడాలోని హామిల్టన్‌లో యంత్రం ఆగి, డోసేమీ వెళ్లలేదు అని తెర చూపింది. ఆపరేటర్ ‘పి’ నొక్కింది. మళ్లీ అదే. మళ్లీ నొక్కింది. డోసు లేదు లేదంటూనే ఐదుసార్లు కొట్టింది. బల్ల మీదున్న రోగికి 13,000 నుంచి 17,000 రాడ్లు పడ్డాయని తర్వాత అంచనా వేశారు. అక్కడ కంపెనీ టర్న్‌టేబుల్ స్థానాన్ని చెప్పే చిన్న స్విచ్చు మీద అనుమానపడింది. దాన్ని సరిచేసి, భద్రత లక్ష రెట్లు మెరుగుపడిందని రాసి పంపింది. స్విచ్చే కారణమని మాత్రం రుజువు చేయలేకపోయింది. డిసెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలో ఒకావిడ ఒంటి మీద ఎర్రటి చారలు పైకి తేలాయి. అది మా యంత్రం వల్ల కాదని ఉత్తరం వచ్చింది.

మార్చి 21 తర్వాత టైలర్‌కు కంపెనీ ఇంజనీర్లు ఇద్దరొచ్చారు. యంత్రాన్ని అటూ ఇటూ నడిపి చూశారు. 54 మళ్లీ రాలేదు. ఈ యంత్రం ఎక్కువ డోసు ఇవ్వడం అసాధ్యం అన్నారు. ఇంతకుముందు ఎక్కడైనా ఇలా జరిగిందా అని ఆస్పత్రి భౌతిక శాస్త్రవేత్త అడిగితే, మాకు తెలిసి లేదన్నారు. మారియెటాకు, హామిల్టన్‌కు, యాకిమాకు వీళ్లే జవాబులిచ్చారని ఆయనకెలా తెలుస్తుంది? షాకేమోనన్న అనుమానంతో బయటి ఇంజనీరింగ్ సంస్థను పిలిపిస్తే, యంత్రంలో షాకు కొట్టే లోపమేదీ లేదని వాళ్లు తేల్చారు. ఏప్రిల్ 7న యంత్రాన్ని మళ్లీ పనిలో పెట్టారు.

నాలుగు రోజులు గడిచాయి. ఏప్రిల్ 11. అదే ఆపరేటర్. ఈసారి రోగికి ముఖం పక్కన చర్మ క్యాన్సర్. మళ్లీ ఎలక్ట్రాన్లు. మళ్లీ ‘ఎక్స్’ కొట్టి, పైకి జరిపి, ‘ఇ’గా దిద్దింది. ‘బి’ నొక్కింది. ఈ రోజు ఇంటర్‌కమ్ పనిచేస్తోంది. యంత్రం పెద్దగా శబ్దం చేసి ఆగింది. స్పీకర్‌లోంచి మూలుగు. తెర మీద మాల్‌ఫంక్షన్ 54. ‘పి’ నొక్కలేదామె. లోపలికి పరుగెత్తింది. ముఖం మీద నిప్పు పడ్డట్టుందన్నాడాయన. కళ్ల ముందు మెరుపు మెరిసిందట, గుడ్డు వేగుతున్నట్టు చిటపటలాడిందట. నాకేమైంది, నాకేమైంది అని అడుగుతూనే ఉన్నాడు. మే 1న చనిపోయాడు.

భౌతిక శాస్త్రవేత్త యంత్రాన్ని అప్పటికప్పుడు ఆపేసి కంపెనీకి చెప్పాడు. వాళ్లొచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ రోజు ఏమేం నొక్కావు, ఏ వరసలో నొక్కావు? ఆమెకు గుర్తుంది. ఇద్దరూ తెర ముందు కూర్చుని అదే వరసను మళ్లీ మళ్లీ కొట్టి చూశారు. చాలాసేపు ఏమీ కాలేదు. చివరికి దొరికింది. ఏ కీలు నొక్కామన్నదొక్కటే కాదు, ఎంత వేగంగా నొక్కామన్నది అసలు సంగతి. తాపీగా దిద్దితే యంత్రం చక్కగా పనిచేస్తుంది. చెయ్యి తిరిగిన మనిషి దిద్దినట్టు గబగబా దిద్దితే 54 వస్తుంది. ఆయన కూడా సాధన చేసి చేసి, కోరినప్పుడల్లా 54 తెప్పించగలిగేంత వేగం పట్టాడు.

కంపెనీ ఇంజనీరు ఫోన్ చేసి, మాకు రావడం లేదన్నాడు. ఇంకా వేగంగా కొట్టమన్నాడు ఈయన. అప్పుడు వాళ్లకూ వచ్చింది.

వేగానికీ రేడియేషన్‌కూ ఏమిటి సంబంధం? వివరాలు టైపు చేయడం పూర్తవగానే యంత్రం కిరణాన్ని వంచే అయస్కాంతాలను సర్దడం మొదలెడుతుంది. ఇనుము కదా, ప్రోగ్రాం అంత చురుగ్గా కదలదు. సుమారు 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలో ఆపరేటర్ ఏదైనా మార్చిందా అని ప్రోగ్రాం మధ్యమధ్యలో చూసుకోవాలి. చూసుకునేలాగే రాశారు కూడా. కానీ చూడమని చెప్పే గుర్తును మొదటి అయస్కాంతం సర్దుకోగానే చెరిపేస్తోంది. అక్కడి నుంచి మిగతా అయస్కాంతాలు సర్దుకునేదాకా ఎవరేం మార్చినా దానికి పట్టదు. ఈలోగా టర్న్‌టేబుల్‌ను తిప్పే భాగం వేరే ఉంది, అది తన వంతు వచ్చినప్పుడు కొత్త వివరాలు చదువుకుంటుంది. హోటల్లో చీటీ మీద దోసె అని రాసి, సర్వరు కొట్టేసి ఇడ్లీ అని మార్చాడనుకోండి. వంటమనిషి దిద్దకముందే చూసి పెనం మీద పిండి వేసేశాడు, పళ్లేలు సర్దే కుర్రాడు దిద్దిన తర్వాత చూశాడు. ఇక్కడా అంతే. ప్రవాహం ‘ఎక్స్’కు సిద్ధమైంది, టర్న్‌టేబుల్ ‘ఇ’కి తిరిగింది. వందరెట్ల ప్రవాహం, దారిలో పలక లేదు.

ఇందులో ఇంకో మెలిక. ప్రతి రోగికీ అన్ని అంకెలు టైపు చేయలేక చస్తున్నామని ఆపరేటర్లు మొదట్లో మొత్తుకుంటే, రిటర్న్ కీ నొక్కితే చాలు చికిత్స గదిలో సర్దిన అంకెలే వచ్చేలా కంపెనీ మార్చింది. వాళ్ల మేలు కోరే చేసింది. ఎనిమిది సెకన్లలోపు దిద్ది కిందికి రాగల వేగం ఆ సదుపాయం వల్లే వచ్చింది. పరీక్షల్లో ఇది ఎందుకు దొరకలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. కొత్తగా పరీక్షించే ఇంజనీరు ఒక్కో కీ వెతుక్కుంటూ కొడతాడు. ఏళ్లు పనిచేసిన మనిషి వేగం అతనికెక్కడిది?

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది షికాగోలో జరిగింది. టైలర్ సంగతి బయటికి పొక్కాక, షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రేడియేషన్ కేంద్రంలో పనిచేసే ఒక భౌతిక శాస్త్రవేత్తకు తన యంత్రం మీద అనుమానం వచ్చింది. అది థెరాక్-25 కాదు, పాత థెరాక్-20. అక్కడ విద్యార్థులు దాని మీద పని నేర్చుకునేవారు. కొత్త జట్టు వచ్చిందంటే చాలు యంత్రంలో ఫ్యూజులు పేలేవి, బ్రేకర్లు పడిపోయేవి. ఒక్కో వారం మూడుసార్లు కూడా. కొన్నాళ్లకు అదే సర్దుకునేది. మళ్లీ కొత్త జట్టు, మళ్లీ ఫ్యూజులు. పిల్లలు ఇష్టం వచ్చినట్టు కీలు నొక్కుతారు, తప్పులు కొడతారు, దిద్దుతారు. అలవాటయ్యాక ఒక పద్ధతిలో పడతారు. ఆయన టైలర్ వరస ప్రకారం దిద్ది చూశాడు. ఫ్యూజు పేలింది.

అదే తప్పు థెరాక్-20 ప్రోగ్రాంలోనూ ఉంది. ప్రోగ్రాం తప్పు చేసిన ప్రతిసారీ స్వతంత్ర సర్క్యూట్ అడ్డుపడి యంత్రాన్ని ఆపేసింది. రోగులకు ఏమీ కాలేదు. కొత్త ఫ్యూజు వేసుకున్నారు, పని కానిచ్చారు. ఫ్యూజు ఎందుకు పేలుతోందని తరచి చూసిన వారు అప్పటిదాకా లేరు. ఇదే ప్రోగ్రాం పాత యంత్రంలో బాగా పనిచేసింది అనే నమ్మకం అక్కడి నుంచే పుట్టింది. బాగా పనిచేసింది ప్రోగ్రాం కాదు, ఫ్యూజులు. థెరాక్-25లో పక్కన పెట్టింది సరిగ్గా ఆ రక్షణనే.

ఇనుమునూ ప్రోగ్రాంనూ వేరు వేరు బల్లల మీద తయారుచేస్తే వచ్చే ముప్పు ఇదే. ఒక పనిని తీగలతో చేయాలా, కోడ్‌తో చేయాలా అన్నది చాలాసార్లు ఖర్చును బట్టి, సౌకర్యాన్ని బట్టి తేలుస్తారు. అందులో తప్పేమీ లేదు. కోడ్ చవక, మార్చుకోవడం తేలిక. కానీ తీగల్లోంచి ఒక పనిని తీసి కోడ్‌కు ఇచ్చేటప్పుడు, ఆ తీగలు అంతవరకూ నిజంగా ఏమేం పనులు చేస్తున్నాయో ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. కాగితం మీద రాసిన పనులే కాదు, రాయనివి కూడా. షికాగోలో పేలిన ఫ్యూజులను లెక్కపెట్టి ఉంటే కంపెనీకి తన ప్రోగ్రాం ఎన్నిసార్లు తప్పుతోందో 1986 దాకా ఆగకుండానే తెలిసేది.

కంపెనీ తక్షణ పరిష్కారం ఏమిటో తెలుసా? ఏప్రిల్ 15న ఆస్పత్రులకు ఉత్తరం రాసింది. కర్సర్‌ను పైకి జరిపే కీ తొడుగు పీకేసి, కింది స్విచ్చు పనిచేయకుండా ఎలక్ట్రికల్ టేపు అంటించమంది. ఎందుకో ఆ ఉత్తరంలో లేదు. ప్రాణాపాయం ఉందన్న మాటా లేదు. అమెరికా ఆహార ఔషధ సంస్థ, ఎఫ్‌డీఏ, మే 2న ఈ యంత్రం లోపభూయిష్టమని ప్రకటించి, ఆ ఉత్తరం చాలదని, సరైన దిద్దుబాటు ప్రణాళిక పంపమని చెప్పింది. ప్రణాళిక వచ్చింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి, కొన్ని ఆస్పత్రుల్లో యంత్రాలూ నడుస్తూనే ఉన్నాయి.

1987 జనవరి 17, యాకిమా. అదే ఆస్పత్రి, ఇంకో రోగి. ఆ రోజు మొత్తం 86 రాడ్లు పడాలి. 8,000 నుంచి 10,000 రాడ్ల దాకా పడ్డాయి. ఏప్రిల్‌లో ఆయన చనిపోయాడు. ఈసారి ‘పైకి’ కీ ప్రమేయం లేదు, తప్పు పూర్తిగా వేరేది. టర్న్‌టేబుల్ స్థానాన్ని తనిఖీ చేయాలా వద్దా అని చెప్పడానికి ప్రోగ్రాంలో ఒక బైటు ఉంది. సున్నా అయితే చూడక్కర్లేదు, ఇంకేదైనా అయితే చూడాలి. చూడాలి అని చెప్పడానికి ఏదో ఒక స్థిరమైన అంకె వేస్తే సరిపోయేది. ప్రోగ్రామర్ ప్రతిసారీ దానికి ఒకటి కలిపేలా రాశాడు. ఒక బైటులో పట్టే పెద్ద అంకె 255. దానికి ఒకటి కలిపితే మళ్లీ సున్నా. అంటే 256 సార్లలో ఒకసారి, ఒక రెప్పపాటు, తనిఖీ ఉండదు. సరిగ్గా ఆ రెప్పపాటులో ఆపరేటర్ ‘సెట్’ మీట నొక్కింది. టర్న్‌టేబుల్ అప్పటికింకా అద్దం దగ్గరే ఉంది. దారిలో పలకా లేదు, చెదరగొట్టే అయస్కాంతాలూ లేవు.

ఈ తప్పును సరిదిద్దడానికి పట్టింది ఒక చిన్న మార్పు. ఒకటి కలపడం మానేసి, ప్రతిసారీ సున్నా కాని ఒకే అంకె వేయడం.

ఫిబ్రవరిలో అమెరికా, కెనడా ప్రభుత్వ సంస్థలు రెండూ ఈ యంత్రాల వాడకం ఆపమన్నాయి. కోడ్ దిద్దాం, ఇక సరిపోతుంది అన్న మాటను అప్పటికి ఎవరూ నమ్మే స్థితిలో లేరు. చేయి తిరిగిన ఆపరేటర్ వేగం ఒక తప్పును బయటపెట్టింది, 256 రెండోదాన్ని. మూడోది ఉండదని ఎవరు చెప్పగలరు? థెరాక్-25 వాడే ఆస్పత్రుల భౌతిక శాస్త్రవేత్తలు ఒక సంఘంగా ఏర్పడి కంపెనీని నిలదీశారు. ప్రోగ్రాంతో సంబంధం లేని రక్షణ సర్క్యూట్లు కావాలని వాళ్లు మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నారు.

ఆ ప్రోగ్రాం రాసిన వ్యక్తి 1986లో కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. పేరు బయటికి రాలేదు. దావాల సందర్భంగా ఆయన చదువేమిటి, అనుభవమేమిటి అని అడిగితే కంపెనీ ఉద్యోగులు చెప్పలేకపోయారు. దావాలన్నీ తీర్పు దాకా పోకుండా రాజీ అయ్యాయి. ఇన్ని వివరాలు మనకు తెలియడానికి కారణం నాన్సీ లెవ్‌సన్, క్లార్క్ టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు. కోర్టు కాగితాలనూ ప్రభుత్వ సంస్థల ఉత్తరప్రత్యుత్తరాలనూ ఏరి, 1993 జులైలో ఐఈఈఈ కంప్యూటర్ పత్రికలో ఈ చరిత్రంతా రాశారు. వాళ్లు కూడా ప్రోగ్రామర్ ఒక్కడి మీద నేరం మోపలేదు.

1987 జులై 21 నాటి చివరి ప్రణాళికలో కోడ్ మార్పులు చాలానే ఉన్నాయి. అంకెల బదులు అర్థమయ్యే సందేశాలు వచ్చాయి. డోసుకు సంబంధించిన ఏ తేడా వచ్చినా, ‘పి’ నొక్కితే కొనసాగే విరామం కాకుండా మొత్తం ఆపేయాలన్నారు. వాటితోపాటు మూడు ఇనుప వస్తువులు వచ్చాయి. ఒకటి, యంత్రాన్ని కదిలించేంతసేపూ ఆపరేటర్ తొక్కిపట్టి ఉంచాల్సిన కాలి స్విచ్చు. రెండు, టర్న్‌టేబుల్ ఎక్కడుందో విడిగా చెప్పే పొటెన్షియోమీటర్. మూడు, కిరణంలో ఒక్క పల్స్ హద్దు మీరినా రెండోది రాకముందే యంత్రాన్ని ఆపేసే సర్క్యూట్. ఈ మూడోదాన్ని పీడీపీ-11తో పొత్తు లేకుండా, పూర్తిగా తీగలతోనే కట్టారు.